బోర్లా పేర్చిన కాగితాలు

జవాద్ కాగితాలన్నీ బోర్లా పరిచాడు,
చాప మీంచి గడప దాకా.
"ఒరే, ఏది ఏదో ఎట్లా తెలుస్తుందిరా?"
"అంచు చూస్తే తెలుస్తుందక్కా."

పదకొండేళ్లుగా వాడి పని అదే.
ఫెజ్ ఊరి చివర కుమ్మరివాడలో
సుత్తితో గాజుపెంకు ముక్కలు చెక్కి
రంగు నేలకు ఆనించి, వీపు పైకి పెట్టి
ఎనిమిది మొనల చుక్కలు పేర్చడం.
వెనక సున్నం పోసి, అది బిగిశాక
పలక తిరగేస్తే గాని
పేర్చినవాడికైనా ముఖం కనిపించదు.

రేపు పదింబావుకి, రబాత్‌లో, అద్దం వెనక
ఎవరో తిరగేస్తారు.

నేను మందుల షాపులో చిట్టా రాసే మనిషిని,
నాకు వరస కావాలి.
పైన ఫారం, కింద పాస్‌పోర్ట్,
ఆ కింద ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఒప్పందం,
భాష పరీక్ష గట్టెక్కిన పత్రం (రెండోసారికి).
అన్నీ రెండేసి సెట్లు. పిన్నులు కొట్టకూడదట.
పుట్టిన పత్రానికి ఎప్పుడో కొట్టిన పిన్ను
గోటితో పీకాను.
రెండు చిల్లులు, పాము కరిచినట్టు.
పర్లేదంటారా?

ఇంటిపేరు దగ్గర మాత్రం నెల రోజులు ఆగిపోయాం.
పాస్‌పోర్ట్‌లో కొమ్ము,
డిప్లొమాలో కొమ్ముదీర్ఘం.
ఏ గుమాస్తా ఆవలిస్తూ లాగాడో ఆ దీర్ఘం,
దాన్ని కురచ చేయించడానికి
నాలుగు బస్సులు, మూడు సంతకాలు,
చివరికి "ఈ ఇద్దరూ ఒక్కరే" అని ఒక ముద్ర.
అది చదివి వాడు ఎంతసేపు నవ్వాడో.
"నాకూ అనుమానంగానే ఉండేదక్కా."

అనుభవ పత్రం కోసం ఉస్తాద్ బూజెమా దగ్గరికి వెళ్లాం.
ఆయనకు రాయడం రాదు.
పుదీనా దట్టించి టీ పోశాడు.
ఆయన చెప్తుంటే నేను రాశాను:
"మొదటేడు ముక్కలు విరగ్గొట్టాడు.
రెండో ఏడు విరిగినవి ఏరాడు.
ఆ తర్వాత, నేను చెక్కింది ఏదో వీడు చెక్కింది ఏదో
నా భార్య తప్ప ఎవరూ చెప్పలేకపోయారు.
శనివారాలు ఆలస్యంగా వస్తాడు."
ఇంకు అద్ది బొటనవేలు నొక్కాడు. మళ్లీ నొక్కాడు.
గీత ఒక్కటీ లేని నీలిమచ్చ.
జవాద్ తన బొటనవేలు ఓసారి చూసుకుని
చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ప్రభుత్వ ముద్ర ఉన్న అనువాదకురాలు
లైనుకి ఇంతని తీసుకుంటుంది.
శనివారాలు తీసేసింది, ఉస్తాద్ భార్యను తీసేసింది,
విరిగిన ముక్కలు ఊడ్చేసింది.
జర్మన్‌లో మిగిలింది లైనున్నర.
వాడు కూడబలుక్కుని చదివి
"ఎవరో గాని, నెమ్మదస్తుడల్లే ఉన్నాడు" అన్నాడు.

ఈ రాత్రి అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని
నేనే అధికారినయ్యాను.
ఏం పని మీద వెళ్తున్నారు?
బాత్రూములకు పలకలు పరచడానికి, మేడమ్.
ఏ పలకలు?
ముప్పై బై అరవై. అన్నీ తెల్లవి. మిషను కోస్తుంది.
ఒక్క తప్పు లేకుండా చెప్పాడు, జర్మన్‌లో.

అప్పుడు జాబితాలో లేని ప్రశ్న
మా అరబ్బీలో నోరుజారింది.
మరి నీ సుత్తి?

వాడు కాసేపు పైకప్పు చూశాడు.
"కిలోన్నర ఉంటుంది. పెట్టెలో పడుతుందిలే."

తర్వాత వంగి
కాగితాలు ఒక్కొక్కటే ఏరాడు, తిప్పకుండా,
నేను చెప్పిన వరసలోనే.
నేను సరి చూశాను. ఒక్కటే తప్పింది,
వాడి ఫోటో, బ్యాంకు కాగితాల మధ్య దూరింది.
"దీనికి అంచు దొరకలేదక్కా" అన్నాడు, పడుకుంటూ.

ఐదూ పదికి రైలు.
ఇస్త్రీ చొక్కా మేకుకి వేలాడుతోంది,
అదీ వీపు మా వైపే పెట్టుకుని.